గ్రాన్‌హాగెన్ చరిత్రలో లేని పేజీ

ఇంజన్ ఆపెయ్ భానూ, నేను లోపలికి రావట్లేదు. దారంతా చెప్తూనే ఉన్నాను. నువ్వు వినిపించుకోకుండా తీసుకొచ్చి లైబ్రరీ పార్కింగ్‌లో పెట్టావు. తలనొప్పి అని చెప్పు. ఎనభై దాటినవాడికి తలనొప్పి అంటే ఎవరూ కారణం అడగరు.

అవునయ్యా, ఇవాళ ఆవిష్కరించే పుస్తకం మీద నా పేరుంది. అందుకే రానంటున్నాను. ‘గ్రాన్‌హాగెన్ క్రైస్ చరిత్ర, ఇంగ్లిష్ అనువాదం కొండల్ రావు’. వెనక నా ఫోటో కూడా వేశారట.

మా పక్కింటి ఎల్జా నీకు తెలుసుగా? నువ్వే ఒకసారి బీపీ చూశావు. ఆవిడ పుట్టింది జర్మనీలో, ఆ గ్రాన్‌హాగెన్‌లోనే. క్రైస్ అంటే మన తాలూకా లాంటిదనుకో. బంగాళాదుంపల పొలాలు, ఒక చక్కెర ఫ్యాక్టరీ, ఒక చిన్న రైలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ తాలూకానే లేకుండా పోయింది. నేల పోలండ్‌లో కలిసింది, ఊళ్ళ పేర్లు మారిపోయాయి. జనం మంచులో మూటలు మోసుకుంటూ పడమరకి నడిచారు. ఎల్జాకి అప్పుడు తొమ్మిదేళ్ళు.

వాళ్ళ నాన్న ఆ క్రైస్ ఆఫీసులో గుమాస్తా. శరణార్థుల షెడ్డులో కూర్చుని, వెంట తెచ్చుకున్న కాగితాలు ముందేసుకుని, తాలూకా చరిత్రంతా ఒక నోట్‌బుక్‌లో రాశాడు. రెండొందల పేజీలు.

ఎల్జా దాన్ని చదవలేకపోయేది. జర్మన్ రాక కాదు. అది పాతకాలపు చేతిరాత. ఆవిడ బడిలో చేరిన ఏడాదే ఆ రాత నేర్పడం మానేశారట. నాకెలా వచ్చంటావా? అమెరికా రాకముందు రెండేళ్ళు జర్మనీలోని ఆహెన్‌లో చదివాను కదా. మా ఇంటి ఓనరమ్మ ‘వంటగది కడగలేదు, కిటికీ మూయలేదు’ అని రోజూ ఆ రాతలోనే చీటీలు పెట్టేది. తిట్లు చదువుకుంటూ నేర్చుకున్నాను.

గౌరి పోయి ఇంట్లో ఒంటరిగా మిగిలాక నాకూ ఏం తోచేది కాదు. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. ఎల్జా ఆపిల్ కేక్ చేసి ఉంచేది. నేను ఒక్కో వాక్యం ఇంగ్లిష్‌లో చెప్తుంటే, మనవరాలు క్రిస్టీన్ కోసమని టైప్ చేసుకునేది. రెండేళ్ళు, భానూ. నన్ను మనిషిలా కూర్చోబెట్టి వినేవాళ్ళు అప్పటికి ఆవిడ తప్ప ఎవరూ లేరు.

మధ్యమధ్యలో రూత్ అనే అమ్మాయి గురించి చెప్పేది. ఎదురింటి దర్జీ లెవిన్ కూతురు. ఇద్దరూ మెట్ల మీద గుండీలతో ఆడుకునేవాళ్ళట. ఒకరోజు చూస్తే ఆ ఇంటికి తాళం. బెర్లిన్ వెళ్ళిపోయారని ఎల్జా నాన్న చెప్పాడట. “రూత్ వాళ్ళ గురించి నాన్న ఏమైనా రాశాడేమో చూడు కొండల్” అనేది. పెద్ద పట్టుదలగా కాదు, కేక్ కోస్తూ కోస్తూ అనేది.

రాశాడు.

నూట ముప్ఫై ఒకటో పేజీ. 1940. ఆ క్రైస్‌లో ఉన్న యూదుల్ని రైలెక్కించి పంపించేశారు. ఎక్కడికో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పైనుంచి వచ్చిన జాబితాలో దర్జీ కుటుంబం లేదు. పొరపాటున వాళ్ళ పేర్లు పక్క తాలూకా రికార్డులో ఉండిపోయాయి. ‘నేను గమనించి చేర్చాను’ అని రాశాడు ఎల్జా నాన్న. కింద నాలుగు పేర్లు, వయసులతో సహా. జాకబ్ లెవిన్, భార్య ఫ్రీడా, రూత్, మూడు వారాల ఆడపిల్ల. ఆ తర్వాత ఒక వాక్యం, ‘మా ఆఫీసు రికార్డుల్లో ఏనాడూ తప్పు దొర్లలేదు’. దాని కిందే ఆ ఏడాది బంగాళాదుంపల దిగుబడి.

చేర్చమని ఎవరూ అడగలేదు భానూ ఆయన్ని. ఆ నలుగురూ జాబితాలో లేరు. అలాగే ఎవరి కంటా పడకుండా బతికిపోయేవాళ్ళేమో.

ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది, టైప్ చేయడానికి వేళ్ళు పైకెత్తి పట్టుకుని. నేను తిన్నగా బంగాళాదుంపలకి వెళ్ళిపోయాను.

పోనీలే, ముసలామె, తండ్రంటే ప్రాణం అనుకున్నాను. వచ్చేవారం చెప్దాం అనుకున్నాను. వచ్చేవారం మళ్ళీ కేక్. నెల గడిచింది, ఆర్నెల్లు గడిచాయి. ఇక ఎలా చెప్తాను? చెప్తే, ఇన్నాళ్ళూ తెలిసి నా వంటింట్లో కూర్చుని తిన్నావా అని అడుగుతుందిగా.

ఆఖరి రోజుల్లో, ఇక వైద్యం లేనివాళ్ళని ఉంచే హాస్పిస్‌లో, నా చెయ్యి పట్టుకుని అడిగింది. “కొండల్, మా నాన్న ఎలాంటి ఆఫీసులో పనిచేశాడో నాకు తెలియదనుకున్నావా? నేను చిన్నపిల్లని కాదు. రూత్ వాళ్ళ గురించి రాశాడా?” అని.

“లేదు” అన్నాను.

నమ్మలేదని నాకు తెలుసు. తర్వాత చెయ్యి వదిలేసి కిటికీ వైపు తిరిగింది. నాలుగోరోజు పోయింది.

ఆవిడ కోసం దాచానని ఇంకా అంటావా? ఆవిడ వినడానికి సిద్ధంగా ఉంది. నాకే ధైర్యం లేదు.

ఆగు, ఇంకా ఉంది. నోట్‌బుక్ లైబ్రరీకి ఇచ్చేస్తానంది క్రిస్టీన్. ఇంకెవరైనా చదివితే నేను వదిలేశానని తెలిసిపోతుందిగా. బ్లేడుతో ఆ కాగితం కోశాను. మా గరాజ్‌లో కాగితాల్ని ముక్కలు చేసే ష్రెడర్ ఉంది, పాత బ్యాంక్ కాగితాలు వేస్తుంటాను. అందులో వేశాను.

అలా చూడకు. నేనే చేశాను.

పోయిన నెల క్రిస్టీన్ ఒక ఈమెయిల్ ఫార్వర్డ్ చేసింది. క్లీవ్‌లాండ్ నుంచి మిరియమ్ అని ఒకామె. వాళ్ళ అమ్మమ్మ ఫ్రీడాకి అక్క, ముందే అమెరికా వచ్చేసింది. చెల్లెలి ఆఖరి ఉత్తరంలో ఇంకో బిడ్డ పుట్టబోతోందని ఉందట. ఆ తర్వాత కబురు లేదు. క్రైస్ రికార్డులు కాలిపోయాయి. తక్కిన ముగ్గురి పేర్లూ జ్ఞాపకంగా ఒక రాయి మీద చెక్కించుకున్నారు. నాలుగో పేరు కోసం చోటు వదిలారు. అది ఆడో మగో కూడా వాళ్ళకి తెలియదు. “నోట్‌బుక్‌లో ఏమైనా ఉందా అంకుల్?” అని రాసింది క్రిస్టీన్.

“లేదమ్మా” అని రాశాను. రెండోసారి.

ఆ మిరియమ్ ఇవాళ వచ్చింది. అదిగో, తలుపు దగ్గర క్రిస్టీన్ పక్కన బూడిదరంగు కోటులో నిలబడింది చూడు. ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చిందట, నోట్‌బుక్‌లో వెతికిపెట్టినందుకు నాకు థాంక్స్ చెప్పడానికి.

ఏంటి, వెళ్ళి పేరు చెప్పెయ్యమంటావా? అంత సులువైతే నీ కార్లో ఇలా ఎందుకు కూర్చుంటాను?

పేరు గుర్తుంటుందనుకున్నాను భానూ. చిన్న పేరే. కాగితం మిషన్లో వేసేటప్పుడు కూడా, పర్లేదు, నా తలలో ఉందిలే అనుకున్నాను. ఆ ఈమెయిల్ వచ్చిన రోజు నుంచి వెతుక్కుంటున్నాను. హన్నా అనుకుంటాను, కాదు. లేయా అనుకుంటాను, కాదు. జర్మన్ పేర్ల లిస్టులు తీసి ఒక్కోటీ పైకి చదివాను. ఏదీ అది కాదు. లోకంలో ఆ పిల్ల పేరు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేను మర్చిపోయాను.

సరే, పో. ఆమెని ఇక్కడికి తీసుకురా. లోపల అందరి ముందు నా వల్ల కాదు. ఆడపిల్ల అని చెప్తాను, మూడు వారాలదని చెప్తాను. జాబితాలోకి ఎలా వచ్చారో చెప్తాను, కాగితం ఏం చేశానో చెప్తాను. పేరు తప్ప అన్నీ చెప్తాను.