పైకి ఒక్క అంగుళం

హలో… ఆ, నేనే. ఏడుసార్లు చేసింది నేనే అన్నా. మూడు వారాల కింద మా గ్యారేజీలో కారు లిఫ్టు బిగించి వెళ్ళావు చూడు… ఆ, కుట్టుపని చేసే ఆవిడ్ని. వ్యాను పైన ఇరుక్కుపోయింది. దిగట్లేదు.

— కరెంటు ఉంది. మోటారు మూలుగుతోంది, అంతే.

— సాయంత్రమా? సాయంత్రం దాకా ఎలా అన్నా… బండిలో మనిషున్నాడు! మా ఆయన!

— నేనే ఎత్తా. లోపల ఉన్నాడని నాకేం తెలుసు! పొద్దున చూస్తే బండి నేల మీదుంది. మనిషి స్నానాల గదిలో ఉన్నాడనుకున్నా. ఒళ్ళు మండి బటన్ నొక్కి పట్టుకున్నా, చివరిదాకా. తీరా చూస్తే వెనక సీట్లోంచి లేచి కూర్చున్నాడు.

— కప్పు దూలానికి తగిలింది… నువ్వు కొలిచింది కరెక్టే. అప్పుడు బండి నెత్తిన ఏమీ లేదు. నిన్న స్టెప్నీ టైరు ఎక్కించి కట్టాడు. అది దూలానికి నొక్కుకుపోయింది.

— ఏంటీ, దించాలంటే ముందు పైకెత్తాలా?… లాకు విడవడానికి… ఎంత? ఒక్క అంగుళమా? ఆ అంగుళమే కదా నా దగ్గర లేనిది!

— నిచ్చెన ఉంది. దిగేటప్పుడు మధ్యలో వస్తే?… ఫిట్స్ అన్నా. ఆయనకి ఫిట్స్ ఉంది. ఎనిమిదింటి మాత్ర ఇంకా వేసుకోలేదు, ఇప్పుడు పదిన్నర. ఎక్కి అద్దం తట్టి మాత్ర చూపించా. మొహం తిప్పేసుకున్నాడు.

— నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు.

— స్టెప్నీలో గాలా?… తీసేస్తే టైరు అణుగుతుందా? ఉండు, ఉండు. రెండు చేతులూ కావాలి, స్పీకర్లో పెట్టి జేబులో వేసుకుంటున్నా… ఎక్కుతున్నా… మూత వచ్చింది. పిన్నీసుతో నొక్కుతున్నా… ఆ, బుస్సుమంటోంది. వినపడుతోందా?

— నొక్కే ఉంచా.

— అన్నా… ఆ రోజు అడిగావు గుర్తుందా, నాలుగు స్తంభాల లిఫ్టు ఉండగా రెండు స్తంభాలది నీకెందుకమ్మా అని? నిలబడి రిపేర్లు చేసుకుంటాడని చెప్పా. అబద్ధం. నాలుగు స్తంభాలదాంట్లో చక్రాలు పలక మీద నిలబడతాయి. గేరేస్తే పైనుంచి దూకేస్తాడని భయం. రెండు స్తంభాలదైతే చక్రాలు గాల్లో వేలాడతాయి. ఎంత తొక్కినా ఎక్కడికీ పోలేడు.

— అవును. బండి నడపకుండా ఆపడానికే కొన్నా. ఆరు నెలల కింద స్టీరింగ్ మీదే పడిపోయాడు. బడి గోడకి గుద్దాడు. సెలవురోజు కాబట్టి బతికిపోయాం. పిల్లలుంటే?… ఇరవై రెండేళ్ళు డ్రైవరన్నా. నడపొద్దన్న డాక్టరు మీద కోపం లేదు, కోపమంతా నా మీదే. తాళంచెవి దాచేస్తే ఇంకోటి చేయించుకున్నాడు. ఇప్పుడు లిఫ్టు దించడం కూడా నేర్చేశాడు. ఈరోజు నా కళ్ళు గప్పి పోదామనుకున్నాడు—

— అయ్యో. అద్దం దించాడు. అంతా విన్నాడు.

— నీతో కాదన్నా, ఆయనతో మాట్లాడుతున్నా… ఏంటయ్యా, లిఫ్టు నిన్ను ఆపడానికేనని తెలుసా? బిగించిన రోజే తెలుసా? మరి అడగలేదేం?… నేనే చెప్తానని చూశావా! ఏం చెప్పమంటావు? భయమేసింది! నువ్వు చచ్చిపోతావని భయం, ఇంకెవరినో చంపేస్తావని భయం! నిన్ను ఇంట్లో కూర్చోబెట్టి చూడటం నాకేమన్నా సంబరమా?… అరవట్లేదు. సరే, అరిచా. నోరు తెరువు. మాత్ర… నీళ్ళు ఉన్నాయా సీసాలో?… మింగు.

— అన్నా, ఉన్నావా? మింగాడు. గాలి అయిపోయింది, టైరు అప్పడంలా ఉంది. దిగుతున్నా… బటన్ నొక్కనా?… లేస్తోంది! టక్కుమంది! తీగ లాగి పట్టుకుని… మీట… దిగుతోంది అన్నా. నీ కడుపు చల్లగా ఉండ, దిగుతోంది!

— షట్టరా? తెరిచే ఉంది… ఎందుకు?… తాళంచెవి ఆయన దగ్గరే.

— ముందు సీట్లోకి వచ్చాడు.

— స్టార్ట్ చేశాడు! అన్నా, ఇంజను స్టార్ట్ చేశాడు—

— తీగ, మీట రెండూ వదిలేశా!

— లేదు, పోలేదు. ఆపేశా. నేలకి అడుగు పైన, లాకు మీద కూర్చోబెట్టేశా. దిగాలంటే దిగొచ్చు. నడపలేడు.

— తొక్కుతున్నాడు. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి… నన్నే చూస్తున్నాడు. నేను చూడలేకపోతున్నా అన్నా.

— ఏడవట్లేదు…

— ఉండు. ఇంజను ఆపాడు… హారన్ కొడుతున్నాడు. పక్క సీటు డోరు తీసి పట్టుకున్నాడు. నన్ను ఎక్కమంటున్నాడు.

— ఏమో. తిడతాడేమో… తిట్టనీ.

— వద్దొద్దు, ఇప్పుడు రాకు. సాయంత్రమే రా. నేను ఎక్కుతున్నా… ఆ, పెట్టేస్తున్నా—