పక్కన పెట్టించిన ఊలు

"మా ఆవిడలాంటి మనిషితో కాపురం పగవాడికి కూడా వద్దమ్మా. టీవీ చూస్తున్నా, నాతో పోట్లాడుతున్నా చేతిలో ఆ అల్లిక సూదులే! ముప్పై ఎనిమిదేళ్లు భరించాను."

ఇంగ్లండులోని విట్బీలో ఆ ఊలు కొట్టు గడప ముసలాయన తొక్కడం అదే మొదటిసారి. కొట్టావిడ టీకి నీళ్లు పెట్టింది.

"మీ ఆవిడ డోరీన్ గారు పోయారని విన్నానండీ. ఎలా ఉన్నారు?"

"ఆదివారం మాంసం రోస్టు ఒక్కడికే చేసుకుని గురువారం దాకా అదే తింటున్నాను. ఆమె పేరున ఇక్కడేదో ఉందని ఫోన్ చేశారు కదా?"

"ఆరు ఊలు ఉండలు. అన్నీ ఒకే తొట్టెలో రంగు అద్దినవి. తర్వాత కొంటే రంగు కలవదని ముందే పక్కన పెట్టించి, వారానికి రెండేసి పట్టుకెళ్లేవారు."

"నీలమా? ఆమె నీలం వేసుకునేది కాదే."

"మీ స్వెట్టరుకండీ. ఛాతీ నలభై నాలుగు, చేతులు కాస్త పొడుగు. ఇదిగో, చీటీ మీద రాయించారు."

"ఇంట్లో ఆమె అల్లిక సంచిలో సగం అల్లింది ఉంది, చేతుల్లేకుండా. వాళ్ల తమ్ముడికేమో అనుకున్నాను."

"మీకెప్పుడూ అల్లలేదా?"

"పెళ్లయిన కొత్తలో ఒకటి అల్లింది. కొట్లో కొన్నవే నయమన్నాను. మళ్లీ నాకు అల్లే జోలికి పోలేదు."

"మరి ఈ ఉండలు వెనక్కి తీసుకోమంటారా?"

"వద్దు. చేతులల్లడం నాలాంటివాడికి వస్తుందా?"

"ప్రతి మంగళవారం మధ్యాహ్నం కొందరం ఇక్కడ కూర్చుని అల్లుకుంటాం, రండి. మీ వంతు వచ్చినప్పుడు కేకు మీరే తేవాలి."

ఆయన తలూపి, ఒక ఉండను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేనన్నది తప్పు, డోరీన్," అన్నాడు పైకే. "ఆ మొదటిది చాలా బావుంది."