కార్బన్ బంతికి నాలుగు చిల్లులు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. దేవుడిచ్చిన చెవులు రెండూ కాస్త ఇటు పెట్టండి. కాలేజీ గేటు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద, ఒళ్లో గుడ్డసంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడే, ఆయనే కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. అందరికీ ల్యాబ్ మామయ్య. ఇరవై రెండేళ్లుగా అణువుల మోడళ్ల బీరువా తాళంచెవి ఆయన జేబులోనే. నిన్న అందులోని కార్బన్ బంతి చేయిజారి రెండు ముక్కలైంది. సంచీలో ఉన్నది పొద్దున్నే గుట్టుగా తయారుచేసిన చెక్కబంతి. పదకొండింటికి క్లాసు. కొత్త కెమిస్ట్రీ మేడంకి సంగతి తెలిస్తే తాళంచెవి పోతుందని గుండె దడదడ. దడ పుడితే ఆయన నోరు ఊరుకోదు.

“కార్బన్‌కి ఎలక్ట్రాన్లు ఉండే గదులు నాలుగమ్మా,” అన్నాడు టీకొట్టు అక్కతో. “ఒకటి గుండ్రం, మూడు డంబెల్ ఆకారం. నేనే నాలుగూ కలిపి పిసికి, నాలుగు సమానమైన ముద్దలు చేశాను. దాన్నే హైబ్రిడైజేషన్ అంటారు.”

“చేత్తోనేనా?” అంది అక్క, టీ వడపోస్తూ.

“మరి గరిటెతోనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్కో ముద్దకీ ఒక హైడ్రోజన్‌ని జోడించాను. జోడీకి రెండు ఎలక్ట్రాన్లు. ఒకటి పైకి చూస్తే రెండోది కిందికే! విడదీసినా ఆ ముడి ఊడదు, దాన్నే ఎంటాంగిల్‌మెంట్ అంటారు. ఒకదాన్ని జేబులో వేసుకుని రెండోదాన్ని బస్సెక్కించి పక్క ఊరు పంపాను. ఇది తిప్పితే అదీ తిరిగింది!”

“నా బస్సేనా? టికెట్టు తీశారా?” అన్నాడు పక్కన టీ తాగుతున్న బస్సు డ్రైవరు.

“దానికి సీటెందుకయ్యా! అక్కడితో ఆగానా? చంద్రుడి మీదికి పంపాను. ఇక్కడ చిటికేస్తే అక్కడ గిర్రున తిరిగింది! ఇక నాకు ఫోనెందుకు? కబుర్లన్నీ ఎలక్ట్రాన్ల మీదే...”

ఆయన జేబులో ఫోను మోగింది.

“ఎత్తండి మామయ్యా, నేనే,” అంది వెనక బెంచీ నుంచి కొత్త మేడం. “ఎలక్ట్రాన్‌కి చెబితే అందలేదు.”

బెంచీలు ఊగిపోయేలా నవ్వారు.

“ముడి నిజమే,” అంది మేడం. “జోడీలో ఒకటి చూస్తే రెండోది ఎటుందో తెలుస్తుంది. కానీ దాంతో కబురు పంపలేం. గదులు కలపడం వేరు, అది కార్బన్ ఒక్కదాని ఇంటి పని. ముడి వేరు, అది జోడీలోని రెండు ఎలక్ట్రాన్ల మధ్యది. సరే, క్లాసుకి తెచ్చిన బంతి చూపించండి.”

మామయ్య సంచీలోంచి తీసి పెట్టాడు. చిల్లుల్లో గుచ్చిన నాలుగు పుల్లలూ నాలుగు పక్కలకు చాచి, అది బెంచీ మీద చాపలా పడుకుంది.

“మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది ఆకాశం చూడాలి కదా?” అంది మేడం.

“రోడ్డు రోలరు ఎక్కినట్టుంది!” అన్నాడు డ్రైవరు.

చంద్రుడి మీంచి పడిందనే మాట మామయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. తాళంచెవి తీసి బంతి పక్కన పెట్టాడు.

“పాతది నేనే పగలగొట్టానమ్మా. ఇది బల్లకి బిగించి, చుట్టూ నాలుగు చిల్లులు పొడిచాను. పైనా కిందా కూడా ఉండాలని తోచలేదు.”

మేడం తాళంచెవిని ఆయన వైపే జరిపింది. “క్లాసుకి ఇంకా పావుగంట ఉంది. ఇంకో బంతి మీద నేను గుర్తులు పెడతాను, చిల్లులు మీరే వేయాలి. పదండి.”

గేటు దాటుతూ ఆయన గొంతు మళ్లీ లేచింది: “నిన్న అది పడ్డప్పుడు చంద్రుడి మీద చప్పుడైంది, తెలుసా అమ్మా?”

ఆ చంద్రుణ్ణి మీరు మరిచిపోండి నాయనా. నిండు బెంచీ ముందు, అడగకుండానే, “నేనే పగలగొట్టాను” అన్నాడే, ఆ ఒక్కటి గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పండి.