మసి పట్టని చక్రం

కొండ మీది ఊరు మనిజాలెస్‌లో నిటారుగా దిగే వీధి మొదట్లో, అందరూ గౌరవంగా 'దొన్యా' అని పిలిచే ఎర్మీనియా తన తెల్ల కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కార్లు కడిగే ఫౌస్టినో బకెట్ పక్కన నిలబడి, ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు.

"ఇదేనా కడగడం? ముందువైపు ఎడమ చక్రం చూడు, బొగ్గుల్లో దొర్లినట్టుంది. తలుపు మీద ఈ నారింజ చుక్కలేంటి?"

"బ్రేకు పట్టినప్పుడల్లా రాలే పొడి దొన్యా. పెయింటుకి అతుక్కుని తుప్పు పట్టింది. రుద్దితే గీతలు పడతాయి, మందు చల్లి కాసేపు ఆగాలి."

"ఆగడం నీకు బాగా వచ్చు. మరి కుడి చక్రం మెరుస్తోందే! ఒక్కటి కడిగేసరికే చేతులు అరిగిపోయాయా?"

"దాన్ని నేనింకా ముట్టుకోలేదు దొన్యా. మూడు వారాలుగా దానికి పొడే పట్టట్లేదు. అంటే ఆ పక్క బ్రేకు పని చెయ్యట్లేదేమో..."

"నోర్ముయ్. నా కారుకి నువ్వు డాక్టరువా? ముందు గుడ్డ పట్టుకోవడం నేర్చుకో."

"మెకానిక్‌కి ఒక్కసారి చూపిస్తే మంచిదండీ."

"వాడూ నువ్వూ కలిసి నన్ను దోచుకోడానికా? మీ అమ్మా ఇంతే, మా వంటింట్లో పంచదార దొంగిలించేది. చచ్చాక దాని ఒంటిమీద వేసిన గౌను కూడా నేను పారేసిందే."

ఫౌస్టినో గుడ్డను నీళ్లన్నీ కారిపోయేదాకా పిండాడు.

"రేపట్నుంచి రాకు. నేను కొండ దిగి చించినా ఊళ్లో బాప్టిజానికి వెళ్లాలి. ఇంకేమైనా వాగేదుందా?"

అతను కిందికి పోయే వీధి వైపు చూశాడు.

"ఏం లేదు దొన్యా," అని ఆమె కోసం కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.