కాలువ పక్క రెండెకరాలు

గంగయ్య అప్పుడప్పుడు కోతలు కోస్తాడంటే శిరివెళ్లలో ఎవరూ ఒప్పుకోరు. అప్పుడప్పుడు అనాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపాలి కదా, ఆయన ఆపిన పాపాన పోలేదు. పొద్దున పళ్లు తోముకుంటూ మొదలుపెడితే రాత్రి పడుకునేదాకా సాగుతూనే ఉంటుంది. అయితే ఆ రోజు నౌషాద్ టీ అంగడికి ఆయన వచ్చింది ఊరికే కోయడానికి కాదు. పని మీద వచ్చాడు.

ఆ పని ఓబులమ్మతో. ఓబులమ్మ ఏటా వానలకు ముందు మూడు వందల గొర్రెలతో నల్లమల అంచు నుంచి అవుకు వైపు దిగుతుంది. దారిలో ఎవరి చేనిలో రాత్రిపూట వల కట్టి మందను పడుకోబెడితే ఆ చేను అదృష్టం పండినట్టే. అంత ఎరువు బండ్లతో తోలినా రాదు. అందుకే రైతులు నెల ముందు నుంచే ఆమె కోసం ఎదురుచూస్తుంటారు.

గంగయ్యకు పదెకరాలు. జేజినాయన నాటి నుంచి, అంటే తాత కాలం నుంచి వస్తున్న నల్లరేగడి. మందులు పోసి, దున్నిందే దున్ని ఆ నేలను నీరసం చేస్తే, కూతురు అనిత ఆరేళ్ల కిందట పట్టుబట్టి నాగలి ఆపించింది. చేనును తునకలు చేసింది, గడ్డి పెరగనిచ్చింది, ఆవులను ఒక తునకలో మూడు రోజులు మేపి ఇంకో తునకకు మార్చింది. అలా ఎనిమిదెకరాలు కోలుకున్నాయి. మిగిలింది కాలువ పక్క రెండెకరాలు. అక్కడ గడ్డిపరక మొలవదు.

నిన్న అన్నం తింటూ అనిత చెప్పేసింది. “ఈ తూరి కూడా మంద పడకపోతే ఆ తునక ఇంక నా చేత కాదు నాయనా. ఇటుకల బట్టీ వాళ్లు మట్టి అడుగుతాండారు గదా, ఇచ్చేయ్.” ఆ మాటకు గంగయ్య ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. జేజినాయన చెప్పుల్లేకుండా నడిచిన మట్టి ఇటుకలైపోయి ఎవరి గోడలోనో ఉంటుందంటే ఆయన తట్టుకోలేకపోయాడు. “మందను నేను తెస్తా” అని చెయ్యి కడుక్కుని లేచాడు.

తీరా వచ్చి చూస్తే ఓబులమ్మ బెంచీ మీదే ఉంది. గొంగడి మడిచి పక్కన పెట్టుకుని టీ ఊదుకుంటోంది. మూడేళ్లుగా ఆమె ఆయన చేని గెనిమ గట్టు మీద కాలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇద్దరికీ తెలుసు. ‘మా చేనికి రామ్మా’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ గంగయ్యకు అడగడం రాదు, చెప్పడం వచ్చు. ఆమెకు ఆశ పుట్టేటట్టు చెబితే ఆమే వస్తానంటుందని లెక్కేసుకుని, ఆమె వైపు చూడకుండా, ఆటో తోలే వాజిద్ వైపు తిరిగి మొదలుపెట్టాడు.

“నౌషాదూ, బేగా ఒక టీ పెట్టప్పా. వాజిదూ, నువ్వు నమ్ముతావో లేదో గానీ, మా కాలవ పక్క తునక ఉండాది చూడు, దాంట్లో మంద ఒక్క రాత్రి పండుకునింది. ఒక్క రాత్రే! తెల్లారి పోయి మట్టిలో వేలు పెడితే మణికట్టు దాకా దిగినాది.”

“మణికట్టు దాకానా? మంచిదే గదా మామా,” అన్నాడు వాజిద్.

అక్కడితో ఆపి ఉంటే మర్యాదగా ఉండేది. కానీ వాజిద్ అంత తేలిగ్గా నమ్మేయడం గంగయ్యకు నచ్చలేదు. నమ్మాడంటే తాను తక్కువ చెప్పినట్టే కదా.

“మణికట్టు యాడిది, మోచేయి అనుకో. సరే, చేయి బయటికి తీద్దామంటే రాదే! ఏందప్పా ఇది అని చూస్తే, నేను చేయి పెట్టినంతసేపట్లోనే వేళ్ల సందుల్లో గడ్డి మొలిచి పట్టుకున్యాది. పీక్కుని లేచినా. పొద్దున ఎనిమిదికి గడ్డి చీలమండ దాకా, పదికి మోకాలు, మధ్యాన్నానికి నా నెత్తి మింద. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” అన్నాడు నౌషాద్, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

“మా చూడిబర్రె దాంట్లోకి పాయ. ఊరంతా వచ్చి పిలుస్తాంటే అరుస్తాది గానీ కనపడదు. పదకొండు దినాలు ఎతికినాం. పన్నెండో దినం అదే బయటికొచ్చినాది. దాని వెనక ఒక దూడ. దూడ వెనక ఇంకో దూడ.”

“జంట దూడలా మామా?”

“కాదు వాజిదూ. రెండోది మొదటి దూడకు పుట్టినాది.”

వాజిద్‌కు టీ పొలమారింది. నౌషాద్ వచ్చి వీపు తట్టాల్సి వచ్చింది. గంగయ్య ఓరకంట ఓబులమ్మను చూశాడు. ఆమె మొహంలో ఏమీ లేదు. గ్లాసులో చూసుకుంటూ మెల్లగా తాగుతోంది. బర్రె కథ గొర్రెలామెకు పట్టదులే అనుకుని ఆయన ఇంకో వైపు నుంచి అందుకున్నాడు.

“ఇంక వానపాముల సంగతి చెప్పనే లేదు నేను. మొదట్లో వేలెడంత ఉండె. గొర్రె పెంటికలు తిని తిని పలుపుతాడంత లావైనాయి. మేము నాగలి ఆపేసినాం గదా, దున్నే పని అవే చూసుకుంటాండాయి. ఈ గెనిమ కాడ దూరితే ఆ గెనిమ కాడ తేల్తాయి, ఒక్క చాలు వంకర పోదు. పక్క చేనాయప్ప వచ్చి ‘అన్నా, రెండు దినాలు నీ పాముల్ని బదులియ్యి’ అని అడుక్కునె. పోనీలే అని ఇచ్చినా. దాంట్లో ఒకటి దారి తప్పి ఆళ్లగడ్డ రోడ్డెక్కి అడ్డంగా పండుకున్యాది. బస్సు నిలిచిపాయ. కండక్టరు దిగి చూసి ‘ఈడ స్పీడ్ బ్రేకర్ ఎప్పుడేసినారప్పా, నిన్న లేదే’ అన్యాడు.”

“నేను రోజూ ఆ రోడ్డు మిందే తోలుతాండా. నాకు తగల్లేదే?”

“నీ ఆటో వచ్చే పొద్దుకు అది డ్యూటీ దిగినాది. విను ముందు. ఆ పాములే కింది మట్టి పైకి తెస్తా తెస్తా ఒకనాడు మా జేజినాయన కొడవలి పైకి తెచ్చినాయి.”

కొడవలి పోయిన మాట నిజమే. జేజినాయనతో కలిసి మూడు రోజులు చాళ్లన్నీ వెతికాడు గంగయ్య, అప్పుడు ఆయనకు ఏడేళ్లు. అది తలుచుకుని ఒకసారి కాలువ వైపు చూశాడు. అయినా అంతలోనే సర్దుకున్నాడు.

“ఇనుమంతా తుప్పు తినేసినాది, తుమ్మ పిడి మిగిలినాది. గెనిమ మీద పెట్టి, మొహం కడుక్కుని వచ్చేలోపల పిడి చిగురేసినాది! ఇప్పుడు పోయి చూడండి, ఆ చెట్టు కింద ఎండ పొద్దున మూడు వందల గొర్రెలు పండుకోవచ్చు.” మూడు వందలు అన్నప్పుడు ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. ఓబులమ్మ ఒకసారి తల ఎత్తి, మళ్లీ దించుకుంది. గంగయ్యకు హుషారు వచ్చేసింది.

“ఇంక వాన! నల్లమల మీద లేచిన మబ్బు ఊర్లన్నీ దాటుకుని నేరుగా మా తునక మిందికొచ్చి నిలబడె. కురిసింది కురిసినట్టే తాగేసినాది నేల, ఒక్క చుక్క కాలవలోకి పోనియ్యలే. మబ్బు అయిపాయ. నేలకు ఇంకా దప్పికే. యాడికో పోతాండే ఇంకో మబ్బును కేకేసి పిలుచుకున్యాది.”

“నేల పిలిచిందా?”

“నా చెవులారా విన్యా! రెండు మబ్బులూ తాగి, కడుపు నిండి, పొద్దున్నే వదిలింది చూడు ఊట! అది భూమి లోపలే పోయి పోయి అవుకు రిజర్వాయర్లో తేలినాది. గేట్లెత్తాల్సొచ్చె. ఆఫీసరు నాకు ఫోన్ చేసినాడు. ‘గంగయ్యగారూ, మీకు దండం పెడతా, ఈ ఏడు మీ చేన్లో మంద నిలపొద్దు, మా కట్ట ఆగదు’ అని! నేనేమన్యానో తెలుసా? ‘మంద నిలపక తప్పదు సార్, కావాలంటే మీరే కట్ట ఎత్తు పెంచుకోండి’ అన్యా.”

ఇక అడుగుతుంది, ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతుంది అని గంగయ్య చివరికి ఓబులమ్మ వైపు తిరిగాడు. ఆమె గ్లాసు కింద పెట్టి, కొంగుముడి విప్పి, అందులోంచి ఒక మట్టిపెళ్ల తీసి బెంచీ మీద పెట్టింది. ఠక్కుమని చప్పుడైంది.

“అయిపోయిందా అన్నా?”

“ఇంకా ఉండాది,” అన్నాడు గంగయ్య, కానీ గొంతు ముందున్నంత లేదు.

“ఉంటే ఉండనీ. నేల చూడకుండా నేను యాడా మంద నిలపను. పొద్దున్నే పోయి మీ తునక చూసొచ్చినా. ఈ పెళ్ల ఆడిదే. నీ వానపాము దీంట్లో యాడుండాదో చూపించు.”

వాజిద్ పెళ్లను తీసుకుని రెండు చేతులా విరవబోయాడు. విరగలేదు. బెంచీకేసి కొట్టాడు. బెంచీ కదిలింది గానీ పెళ్ల చెక్కు చెదరలేదు. నౌషాద్ నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. గంగయ్య పై పంచెతో మొహం తుడుచుకున్నాడు.

“మూడేండ్ల కింద నేను ఆళ్లగడ్డలో మా కూతురి కానుపుకు పోయినా,” అంది ఓబులమ్మ, కోపం లేకుండా. “పోతా పోతా మావోళ్లకు చెప్పినా, రోజుకొక చోటికి వల మార్చండి, రెండెకరాలూ చుట్టి రండి అని. వచ్చి చూస్తే ఐదు రాత్రులూ మంద ఒక్క చోటే ఉండాది. మార్చవద్దని నేనే చెప్పినానంట! పెంటిక ఎక్కువై, తొక్కుడుకు గట్టిపడి నేల మాడిపాయ. ఉచ్చ తడిలో నిలబడి నా జీవాలకు గిట్టలు పుండ్లైనాయి. నాలుగు గొర్రెపిల్లలు పాయ. నేను తోలుకుని పోయినా. ఆ తునకలో మిగిలిన నేలకు పెంటిక అందకపాయ.”

ఓబులమ్మ పెళ్లను గంగయ్య వైపు జరిపింది.

“నీ కూతురు పొద్దున నాతో వచ్చి గెనిమ మీద నిలబడినాది. నువ్వు చేసిందానికి ఆ పిల్ల నాకు చేతులు జోడించె. నాకు బాధైంది. మంద నిలుపుతా. కానీ రోజూ వల మార్చేది నేను, నువ్వు చేయి పెట్టకూడదు. ఇంకొకటి, ఆ నేలను ఎవరు చెడగొట్టినారో ఈడనే, వీళ్ల ముందరే చెప్పు. బర్రెలొద్దు, పాములొద్దు. ఉన్నది చెప్పు.”

గంగయ్య పెళ్లను చేతిలోకి తీసుకున్నాడు. అరవై ఏళ్ల జీవితంలో ఆయన ఇన్ని వేల మాటలు మాట్లాడాడు గానీ ఈ ఒక్కటి ఇంట్లో కూడా అనలేదు. అనిత నిలదీసినప్పుడల్లా ఎండలనీ, కాలువ నీళ్లనీ, గొర్రెలకు రోగమనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాడు.

“నేనే,” అన్నాడు.

“వినపడలే.”

“నేనే చెడగొట్టినా. రోజూ మారిస్తే నేలకు బలం చాలదనుకున్యా. మా అనిత వద్దన్నా వినలే. ఓబులమ్మే చెప్పిందని వాళ్లకు అబద్ధం చెప్పి ఐదు రాత్రులు అదే చోట నిలిపించినా. మాడిపాయ. తప్పు నాదే.”

ఎవరూ నవ్వలేదు. వాజిద్ తల దించుకున్నాడు, నౌషాద్ పాలగిన్నె మీద మూత పెట్టాడు. తాను మాట్లాడితే నలుగురూ ఇలా మూగబోవడం గంగయ్య ఎన్నడూ ఎరగడు. ఒక నిమిషం ఓర్చుకున్నాడు. రెండో నిమిషం ఆయన వల్ల కాలేదు.

“మాడిపాయ అంటే అట్టాంటిట్టాంటి మాడడం కాదప్పా!” అని లేచి నిలబడ్డాడు. “ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా సేద్యం చేసేటోళ్లు ఎంతమంది ఉండారు? వాళ్లూ చెడగొట్టినారు నేలను. కానీ మందులేసి, దున్ని, వాళ్లకు ముప్పై ఏండ్లు పట్టె, నలభై ఏండ్లు పట్టె. నాకు? ఐదు రాత్రులు! జేజినాయన నాటి మట్టిని ఐదంటే ఐదు రాత్రుల్లో రాయి చేసినోడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉంటే చూపించండి!”

ఓబులమ్మ గొంగడి భుజాన వేసుకుని లేచింది.

“లేడన్నా,” అంది. “ఊరూరా నేలలు చూసేదాన్ని, నాకు తెలుసు. ఇది మాత్రం కోత కాదు.”

అని రోడ్డు పక్క నిలిచిన మందను కాలువ వైపు మళ్లించమని తనవాళ్లకు కేకేసింది.