సగం మాత్ర

1979 ఏప్రిల్, మధ్యాహ్నం. బెజవాడలో ఒక పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు బయట వరండా. కాంపౌండరు సొలొమోను, ఆయన భార్య దానమ్మ.

"ఎండదెబ్బ అని చెప్పాను కదా. నువ్వూ అదే చెప్పు."

"ఎండదెబ్బేంటండీ? పొద్దున ఏడింటికి రిక్షా ఎక్కింది పిల్ల. అప్పటికి ఎండెక్కడుంది?"

"బెజవాడలో ఎండకి వేళాపాళా ఏముందే?"

"ఫ్యాను కింద కూర్చుని పరీక్ష రాసే పిల్లకి ఎండదెబ్బా? రాస్తూ రాస్తూ బల్ల మీద తల వాల్చేసిందట. పక్కమ్మాయి లేపబోతే జువాలజీ పేపరంతా సొంగ. ఆ అమ్మాయే చెప్పింది నాకు."

"నీరసం. రాత్రుళ్ళు చదువు, తిండి లేదు, నీళ్ళు లేవు. పదహారేళ్ళ పిల్ల ఎంతకని తట్టుకుంటుంది?"

"నా మొహం చూసి చెప్పండి."

"చూస్తూనే ఉన్నాగా."

"నేలకేసి చూస్తున్నారు."

"సిస్టరొస్తోంది. నువ్వు నోరు మెదపకు."

"ఏవండీ, రూతు అమ్మానాన్నలు మీరేగా? డాక్టరుగారు మళ్ళీ అడిగి రమ్మన్నారు. అమ్మాయి ఏవైనా మింగిందా?"

"లేదు సిస్టర్. ఎండదెబ్బే. నేనూ ఈ లైన్లోనే ఉన్నా. గవర్నరుపేటలో వెంకటప్పయ్య డాక్టరుగారి దగ్గర కాంపౌండర్ని. ఇరవయ్యేళ్ళ సర్వీసు."

"కాంపౌండరుగారా? అయితే మీకు నేను చెప్పాలా సార్? ఎండదెబ్బకి ఒళ్ళు పెనంలా కాలాలి. ఈ పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. గుండె చూస్తే పరుగెత్తుతోంది, మనిషేమో పిలిస్తే పలకట్లేదు. దేనికీ దేనికీ పొంతన లేదు. ఏం మింగిందో తెలీకుండా మేం ఏదో ఒకటి ఇస్తే అదే ప్రాణం మీదికి రావచ్చు."

"ఏమీ లేదండీ."

"అమ్మా, మీరు చెప్పండి."

"ఆవిడకేం తెలుసు సిస్టర్? దివిసీమ పల్లెటూరి మనిషి."

"సరే. కాసేపట్లో మళ్ళీ వస్తా. నా పేరు పద్మావతమ్మ. ఏం గుర్తొచ్చినా లోపలికొచ్చి పిలవండి. సిగ్గుపడే టైము కాదిది."

"నాకేం తెలుసా?"

"మెల్లగా మాట్లాడు."

"నాకేం తెలీదా అండీ?"

"ఆవిడ ముందు అలా అన్నాలే. ఏమైందిప్పుడు?"

"తెలుసు కాబట్టే అంటున్నా."

"ఏం తెలుసు?"

"ఏం లేదు."

"దానమ్మా. ఏం తెలుసే?"

"నా డబ్బీ ఖాళీ అయిపోయిందండీ. పొద్దున పిల్ల వెళ్ళాక చూశా. నిన్నటిదాకా ఉన్నాయి, ఇవాళ ఒక్కటీ లేదు."

"నీ నిద్రమాత్రలా? అవి రూతుకెలా తెలుసు? అంటే… ఎక్కడుంటాయో తెలుసనుకో. అవి వేసుకోవాలని దానికెందుకు పుట్టింది?"

"నేనే ఇచ్చాను."

"ఏంటి?"

"సగం. సగమేనండీ. క్రిస్మస్ అయ్యాక మొదలు. పిల్లకి నిద్ర పట్టట్లేదు. ఎప్పుడు లేచి చూసినా దూలాలకేసి చూస్తూ పడుకునుండేది, కళ్ళు ఇంతింత చేసుకుని. 'అమ్మా, గుండె దడదడలాడుతోందే' అనేది. ఉప్పెన తర్వాత నేనెలా పడున్నానో అచ్చం అలాగే కనిపించింది నా కళ్ళకి. అప్పుడు మీరు నాకేం ఇచ్చారు? సగం మాత్రిచ్చి పడుకోబెట్టారు. నేనూ అదే చేశా."

"నీకిచ్చింది డాక్టరుగారి చీటీ మీద!"

"ఆ చీటీ ఎప్పటిదండీ? ఉప్పెన నాటిది. ఏడాదిన్నరయింది. ఆ తర్వాత ఆ మహానుభావుడు నా మొహం చూశాడా? మీరేగా ఆ పాత చీటీ చూపించి పొట్లం కట్టుకుని తెచ్చేది."

"అయితే మాత్రం పసిదానికి పెడతావా? కాంపౌండరు పెళ్ళానివి, ఆమాత్రం బుద్ధుండద్దూ! ఒక్క మాట నాతో అనుంటే!"

"తిడతారని భయం. పైగా అది కూడా ఒట్టేయించుకుంది, నాన్నకి చెప్పకే అని."

"అలా అందా?"

"అంది. చేతిలో చెయ్యేయించుకుంది."

"నాన్నకి చెప్పద్దని."

"అవునండీ. ఏం, మీరెందుకలా అయిపోయారు? కూర్చోండి, ఇలా బెంచీ మీద కూర్చోండి."

"మా క్లినిక్కి హనుమాన్ జంక్షన్ నించి లారీ డ్రైవర్లు వస్తారు."

"వస్తే?"

"రాత్రంతా బండి తోలాలి వాళ్ళు. కునుకు పడితే లారీ కాలవలో ఉంటుంది. అందుకని కునుకు రాకుండా మాత్రలు తీసుకెళతారు."

"పిల్ల అక్కడ ప్రాణాల మీద ఉంటే లారీవాళ్ళ గోలేంటండీ నాకు?"

"అవే."

"ఏవి? నీళ్ళు నమలకుండా చెప్పండి."

"అవే ఇచ్చాను రూతుకి. డిసెంబరు నించి. భోజనాలయ్యాక ఒకటి, చదువుకోవడానికి. 'పుస్తకం ముందు తూలిపోతున్నా నాన్నా' అంది. నేనిచ్చా. పొద్దున మొద్దులా లేవకపోతే ఇంకోటి ఇచ్చా. అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది అని నేనే అన్నాను."

"అయితే దాని గుండెదడ…"

"నేనిచ్చినదానికే."

"నిద్ర పట్టక దూలాలకేసి చూసింది…"

"దానికే."

"అది తగ్గాలని నేను నాది పెడితే, పొద్దున మొద్దులా ఉందని మీరు మళ్ళీ…"

"నాకు తెలీదు దానమ్మా. నువ్వు పెడుతున్నావని నాకు తెలీదు."

"నాకూ తెలీదు. దానికి తెలుసు. ఇద్దరివీ దానికొక్కదానికే తెలుసు. ఎవరి పేరు చెప్పినా ఇంట్లో మనిద్దరికీ పోట్లాటవుతుందని కడుపులో పెట్టుకుంది. అయ్యో నా తల్లీ! కంచే చేను మేసిందండీ. రెండు వైపులా మేసింది."

"ఇరవయ్యేళ్ళు ఇంకొకడి బల్ల పక్కన నిలబడి మందులు కలిపాను. అది ఆ బల్ల వెనకాల కుర్చీలో కూర్చుంటే చాలనుకున్నా. డాక్టరు రూతు అని బోర్డు. అంతేనే. అంతకన్నా ఏం కోరుకోలేదు."

"సిస్టర్ని పిలవండి."

"ఆగు."

"ఆగడమేంటి?"

"ఒక్క నిమిషం ఆలోచించనీ. చీటీ లేకుండా తెచ్చానని తెలిస్తే డాక్టరుగారు మళ్ళీ గుమ్మం తొక్కనిస్తారా? పోలీసులొస్తారేమో. సంఘంలో పెద్దననిపించుకుంటున్నా. ఆదివారం మందిరంలో నిలబడి వాక్యం చదివే నోరిది. రేపు శుభశుక్రవారం ఎవరి మొహం చూసి చదవను?"

"చదవకండి. ఉద్యోగం పోతే పోనీండి, మంగళగిరి వెళ్ళి ఎవరి మగ్గం దగ్గరైనా నూలు చుట్టుకు బతుకుతా. నేను చెబుతా, తప్పుకోండి."

"నీకు వాటి పేర్లు తెలీవే."

"పేర్లు తెలీవు. రంగులు తెలుసు. నావి తెల్లవి. మీవేంటి?"

"దానమ్మా…"

"మీవేం రంగండీ? చెప్పండి! పసుపా? ఎరుపా?"

"పసుపు. ఉండు. సిస్టర్! పద్మావతమ్మగారూ! ఒకసారి రండి. ఎండదెబ్బ కాదు. నేను అబద్ధమాడాను."

"చెప్పండి సార్, త్వరగా."

"రెండు రకాలు. పేర్లు చెబుతా, రాసుకోండి. ఒకటి నిద్రకి. రెండోది నిద్ర రాకుండా. నాలుగు నెలలుగా. నా చొక్కా జేబులో ఆ పసుపు మాత్రల పొట్లం కూడా లేదు ఇవాళ. రాత్రి నిద్రకని అవి, పొద్దున పరీక్షకని ఇవి, రెండూ మింగుంటుంది."

"లేపేదొకటి, పడుకోబెట్టేదొకటా? ఒక్క పిల్లకి? ఎవరిచ్చారండీ?"

"మేమే."

"ఇద్దరూనా?"

"ఇద్దరం. ఒకరికి తెలీకుండా ఒకరం."

"పేర్లు చెప్పండి. తిట్లు తర్వాత తిడతా మిమ్మల్ని."

"… రాసుకున్నారా? రెండో పేరు సరిగ్గా రాసుకున్నారా? సిస్టర్, బతుకుతుందా?"

"వెళ్ళిపోయిందండీ ఆవిడ. తలుపేసేశారు."

"ప్రార్థన చెయ్యవే."

"మీరు చెయ్యండి. నాకు మాటలు రావట్లేదు."

"నాకూ రావట్లేదు."

"ఏవండీ, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఉప్పెనప్పుడు మనం చల్లపల్లి దాకా లారీలో వెళ్ళి, అక్కణ్ణించి బురదలో నడిచాం కదా. మా అమ్మ దొరకలేదు. తమ్ముడు దొరికాడు, మొహం గుర్తుపట్టలేకపోయాం. ఇంటికొచ్చాక నన్ను ఎన్నిరోజులు ఏడవనిచ్చారు?"

"అదేం ప్రశ్నే?"

"ఒక్కరోజు. రెండో రోజు నేను నోరు తెరవగానే మాత్ర. ఆ తర్వాత ఎప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగినా మాత్రే. మా అమ్మ కోసం ఏడవాల్సిన ఏడుపు ఇంకా నా గుండెల్లోనే ఉందండీ. దాన్ని నిద్రపుచ్చారు గానీ పోనివ్వలేదు."

"నువ్వు ఏడుస్తుంటే చూళ్ళేకపోయానే."

"పక్కన కూర్చుని మీరూ ఏడవాల్సింది."

"నాకు తెలిసిందదొక్కటే దానమ్మా. ఎవరు ఏ బాధ చెప్పుకొచ్చినా పొట్లం కట్టి చేతిలో పెట్టడం. ఇంకోటి నేర్చుకోలేదు. దగ్గరికి తీసుకోవడం మా నాన్నకీ రాదు, నాకూ రాలేదు."

"మీరు డ్యూటీలో ఉంటే ఆ పనీ రూతే చేసేది. నేను మూల కూర్చుంటే చాలు, చెప్పకుండానే డబ్బీ, గ్లాసుడు నీళ్ళు తెచ్చి ముందు పెట్టేది. పద్నాలుగేళ్ళ పిల్ల. మా అమ్మాయి బంగారం, నన్నెంత కనిపెట్టుకునుంటుందో అని మురిసిపోయా. అమ్మమ్మ పోయిందని అది మాత్రం ఏడ్చిందో లేదో కూడా నాకు తెలీదు."

"ఇంటికెళ్ళగానే ఆ డబ్బీ రైవస్ కాలవలో పారేస్తా. ఇంక మనింట్లో మాత్రన్న మాట వినపడకూడదు."

"ఒట్టు?"

"ఒట్టు. నువ్వెంత ఏడ్చినా ఇవ్వను. పక్కన కూర్చుంటా."

"తలుపు తీశారు. ఏవండీ, తలుపు తీశారు!"

"రండి. కళ్ళు తెరిచింది. మీరు చెప్పాక దారి దొరికింది మాకు. ఇంకో గంట ఎండదెబ్బ అంటూ కూర్చునుంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

"ప్రభువా… ప్రభువా, నీకు స్తోత్రం. గండం గడిచినట్టేనా సిస్టర్?"

"ఇవాళ్టికి. అలవాటు పడ్డ ఒళ్ళండీ, ఒక్కరోజులో మాట వినదు. నెలలు పడుతుంది. పరీక్షల మాట ఈ ఏటికి ఎత్తకండి. లోపలికి రండి, ఎక్కువ మాట్లాడించకండి."

"రూతూ… రూతమ్మా… నేనేరా, అమ్మని. ఇటు చూడు."

"ఊరుకో దానమ్మా. పిల్ల ముందు…"

"ఏడవనివ్వండి. ఈసారన్నా నన్ను ఏడవనివ్వండి."

"సరే. ఏడువు. నేనేమీ అనను."

"పెదాలు కదుపుతోందండీ, ఏదో అంటోంది. ఏంటమ్మా? పరీక్షా? పోతే పోనీ తల్లీ, నువ్వుంటే చాలు. దాహమా?"

"నాన్నా…"

"ఇక్కడే ఉన్నా బంగారం. నీ పక్కనే ఉన్నా. చెప్పు, ఏం కావాలి?"

"అమ్మ ఏడుస్తోంది నాన్నా… సగం మాత్ర ఇవ్వు."