కోడలి నుయ్యి సుట్టుదారి

మన ఊరికి ఉత్తరాన జీడితోట దాటితే, ఎర్రదిబ్బలు మొదలయ్యే కాడ ఒక పాడు నుయ్యి ఉంది సూడండి, కోడలి నుయ్యి, మా రోజుల్లో అన్నం కాడ ఆ పేరెత్తితే మా అయ్య మొట్టికాయ ఎట్టీవోడు. కూకోండి, సెప్తాను. మద్దిలో లేచెల్లిపోతే మల్లీ మొదట్నించి సెప్పను, నాకంత ఓపిక నేదు.

ఎప్పుడో మా తాత నాటి మాట. కొత్తగా కాపరానికొచ్చిన పిల్లొకత్తి ఉండేదంట. మొగుడు తెప్ప మీద ఏటకెల్లినాడు, ఇక్కడ గాలీ వానా పట్టుకున్నాది, దాంతో ఈ పిల్లకి కాలు నిలవక, దిబ్బెక్కితే తెప్ప కనపడతాదని పరిగెత్తి, దాహమేసి ఆ నూతికాడ ఒంగి, కాలు జారి లోన పడిపోనాది. ఇంతా సేసి ఆ సాయంత్రానికే మొగుడు సల్లగా ఒడ్డుకొచ్చీసినాడు. సూడండి రాత! వాడు రావడం ఆ పిల్ల సూడనేదు కదా, అందుకే దెయ్యమైపోనాది.

ఆ దెయ్యానికి ఒక పద్దతుంది. నుయ్యి దాటి ముందుకెల్లీవోల్ని ఏటీ అనదు. అదే దారిని ఎనక్కొచ్చినారా, మెడ మీదెక్కి కూకుంటాది. బియ్యం బస్తా ఎత్తినట్టు బరువంట. ఎక్కించుకున్నోడు కేకలేసుకుంటా ఇంటికొచ్చి పడీవోడు, ఇరవై రోజులు జొరం. అందుకని అరవై ఏళ్లు మన ఊర్లో దిబ్బలెక్కినోడు ఒక్కడూ నేడు. మరి ఎల్లినోడు ఎనక్కి రాకుండా ఎలగుంటాడు?

ఇప్పుడు మా అమ్మ సంగతి. మా అమ్మ ముత్తేలమ్మకి ఒక కన్ను ముందే పోనాది. రెండోది దీపావలి దాకా ఉంటే గొప్పేనని డాకటేరు బాబు సెప్పేసినాడు. అప్పట్నించి ఒకటే పోరు. కన్ను మూతపడక ముందర దిబ్బ మీదనించి సంద్రం ఒక్కసారి సూడాల, దెయ్యం రాకముందు, తన సిన్నప్పుడు వాల్లయ్య బుజాలమీద ఎక్కించుకుని సూపించినాడు, అని. నాను కుదరదన్నాను. నాకు బయమని సెప్పలేదు, వలలు బాగుసేసుకోవాలన్నాను.

మా ఇంటిది దాలమ్మ ఊరుకునే మనిషా? నాలుగు రోజులు సేపల తట్టెత్తకుండా తిరిగినాది. ఐదో రోజు బొగ్గుముక్కట్టుకుని నా ఎదరే గచ్చు మీద గీసినాది. జీడితోట, నుయ్యి, అక్కడ్నించి ఎత్తు తక్కువున్న పక్కన దిబ్బెక్కడం, అటేపు సంద్రం ఒడ్డుకి జారే మెత్తని దారి, ఒడ్డంట నడిసి సరుగుడుతోటలోంచి ఇల్లు. గీత మొదలెట్టిన కాడికే వొచ్చి కలిసినాది. రెండు మైల్లు, ముసిలిమనిషి కూడా నడవగలదు, నుయ్యి ఒక్కసారే తగుల్తాది, ఎనక్కి రావడమన్నదే నేదు, అన్నాది. మూడు తరాల మొగోల్లకి రాని బుద్ది అది. ఆ నాలుగు రోజుల్లోనే దారంతా దొరికిన కొమ్మకల్లా పాత సీర పేలికలు కట్టి గురుతులు కూడా ఎట్టుకున్నాది.

పొద్దున్నే సద్ది తిని అత్తా కోడలూ బయల్దేరినారు. నుయ్యి దాటినారు. ముప్పై అడుగులెల్లినాక మా అమ్మ నడుం తడుముకుంటే సుట్టల సంచి నేదు, నూతికాడ కూకున్నప్పుడు జారిపోనాది. నిప్పున్న కొస నోట్లో ఎట్టుకుని అడ్డపొగ తాగీ మనిషికి సుట్ట ముందర దెయ్యమేటి, దేవుడేటి? దాలమ్మ ముందు పేలికలు ఎతుక్కుంటన్నాది, ఈవిడ గిర్రున ఎనక్కెల్లి సంచి తీసుకుని వొచ్చినాది. వొచ్చి, ఒలే కోడలా, నా మెడ ఇరిగిపోతన్నాదే అన్నాది.

దాలమ్మ పరిగెత్తుకొచ్చి అత్తని పట్టుకున్నాదంట, నాతో తనే సెప్పినాది. ఇంటికెల్లిపోదామే అని మా అమ్మ ఏడుపు. అప్పుడు దాలమ్మకి ఒక మాట తోసినాది. ఇంతమందిని ఇది ఎక్కినాది, ఎక్కినోల్లందరూ ఊర్లోకే మోసుకొచ్చినారు, అది ఎల్లాలనుకున్న కాడికి ఒక్కడైనా మోసినాడా? అత్తా, ఇంటికెల్తే ఇది మనింట్లోనే కూకుంటాది, పైకే పోదాం పద, అన్నాది. మా అమ్మని రెండు సంకల కిందా పట్టుకుని, ఆ బరువంతా సగం తను మోసి, అడుగుకో సారి ఆగుతా దిబ్బెక్కించినాది.

పైన గాలి కొట్టినాది. ఎదర సంద్రం. మా అమ్మ నోట్లోంచి మా అమ్మది కాని గొంతు, సిన్నపిల్ల గొంతు, తెప్పేదీ, కనపడదేటీ, అని అడిగినాది.

దాలమ్మ గట్టిగా సెప్పినాది. నీ మొగుడు ఆ సాయంత్రానికే వొచ్చీసినాడమ్మా. నిన్ను ఎతికినాడు. ముసిలోడయ్యేదాకా బతికినాడు. నీకెవరూ సెప్పనేదు, నిన్ను సూసి పరిగెత్తడమే గానీ.

అంతే. మా అమ్మ మెడ ఈకలాగ తేలికయిపోనాది. నడుం నిటారుగా నిలబడి, ఉన్న ఒక్క కంటితో సంద్రమంతా ఈ కొసనించి ఆ కొసకి సూసినాది, కూకుని సుట్ట ముట్టించినాది, మల్లీ సూసినాది. మిట్టమద్యానానికి సరుగుడుతోటలోంచి ఇద్దరూ నవ్వుకుంటా దిగొస్తంటే, నాను వల ఒగ్గీసి ఎదురెల్లి ఏడ్సినాను. సిగ్గేటి? ఏడ్సినాను.

దీపావలికి కన్ను పోనాది, డాకటేరు సెప్పినట్టే. పోయినా మా అమ్మ ఆ సుట్టుదారి మానలేదు. దాలమ్మ సెయ్యట్టుకుని రోజూ పైకెల్లి, అదిగో అక్కడ నీల్లు పచ్చగుంటాయి, ఇక్కడ నల్లగుంటాయి అని కల్లున్నోల్లకి సూపించీది. ఊరి ఆడోల్లంతా ఎనకాల. ఇప్పుడు మీరు నడిసీ దారి అదే.

అలగని దారి పక్కనే ఉంది కదాని ఆ నూతి గట్టెక్కి మాత్రం ఒంగకండి. దెయ్యం నేదు, నిజమే. లోన నాగుబాములున్నాయి. దెయ్యమయితే మెడెక్కి, సంద్రం సూసి దిగిపోనాది. పాముకి ఏటి సూపించి దింపుతార్రా?